నాక్ సెన్సార్ కోడ్ వచ్చిందా? కొత్త సెన్సార్ కొనేముందు చేయాల్సిన పరీక్షలు

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే నాక్ సెన్సార్ లోపం కోడ్ పీ0325 అని వచ్చింది. ఇంజన్‌లో ఇంధనం తనంతట తాను అంటుకుని చేసే చప్పుడును (నాక్‌ను) పట్టుకునేది ఈ సెన్సార్. చాలామంది వెంటనే కొత్త నాక్ సెన్సార్ తెచ్చి బిగించేస్తారు. కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. కానీ కొన్నాళ్లకే అదే కోడ్ తిరిగొచ్చే బళ్లు కూడా తక్కువేమీ కాదు. వాటిలో లోపం వైరింగ్‌లోనో, సెన్సార్‌ను బిగించిన తీరులోనో, ఇంజన్‌లో పుడుతున్న వేరే చప్పుడులోనో ఉంటుంది. పైగా కొన్ని వీ6, వీ8 ఇంజన్లలో ఈ సెన్సార్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. దాన్ని చేరాలంటే ఇంజన్ పైభాగం చాలావరకు విప్పాలి. అంత పని పెట్టుకునేముందు కాసేపు కూర్చుని పరీక్షలు చేసుకుంటే శ్రమ, డబ్బు రెండూ మిగులుతాయి.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి. ఈ కోడ్లలో ఎక్కువ భాగం "ఇంజన్ నాక్ అవుతోంది" అని చెప్పవు. నాక్‌ను వినడానికి ఈసీయూకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు) ఉన్న చెవి సరిగా పనిచేయడం లేదని మాత్రమే చెబుతాయి. చెవి చెడిందా, నిజంగానే చప్పుడు వస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మార్గదర్శిలో ఉన్న పరీక్షలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నాక్ ఎలా పుడుతుంది, ఈసీయూ ఎలా వింటుంది

పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకాలి. ఆ మంట చేరేలోపే మూలన మిగిలిన పెట్రోల్, గాలి మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తాను అంటుకుంటే ఒక్కసారిగా ఒత్తిడి తరంగం లేచి సిలిండర్ గోడలను కొడుతుంది. బయటకు మనకు "టిక్ టిక్", "కిణ కిణ" అని వినిపించేది అదే. కాసేపు స్వల్పంగా వస్తే పెద్ద నష్టం ఉండదు. లోడ్ మీద గట్టిగా, ఎక్కువసేపు సాగితే మాత్రం పిస్టన్ రింగుల మధ్య అంచులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

ఆ చప్పుడు ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందన్నది ముఖ్యంగా సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఉంటుంది. బోర్ (సిలిండర్ వ్యాసం) 86 మిల్లీమీటర్లు ఉంటే సుమారు 6.7 కిలోహెర్ట్జ్, 75 మిల్లీమీటర్లైతే సుమారు 7.6 కిలోహెర్ట్జ్. సిలిండర్ చిన్నదయ్యే కొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. నాక్ సెన్సార్ లోపల పీజో ఎలక్ట్రిక్ పదార్థం ఉంటుంది. బ్లాక్ కంపించినప్పుడు అది నొక్కుకుని, చిన్న ఏసీ వోల్టేజ్ పుట్టిస్తుంది. ఈసీయూ ఆ సిగ్నల్‌ను రోజంతా వినదు. ప్రతి సిలిండర్‌లో మంట మండే కొద్దిపాటి సమయంలోనే, అంటే పిస్టన్ పైకొచ్చి కిందికి దిగడం మొదలుపెట్టాక కొన్ని పదుల డిగ్రీల మేర మాత్రమే, తనకు కావలసిన ఫ్రీక్వెన్సీని వడకట్టి వింటుంది. మామూలు చప్పుడు కంటే అది బాగా పెరిగితే నాక్ అనుకుని స్పార్క్ టైమింగ్ కొన్ని డిగ్రీలు వెనక్కి తీస్తుంది, అంటే స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. చప్పుడు ఆగాక మెల్లమెల్లగా మళ్లీ ముందుకు తెస్తుంది.

అదే సెన్సార్ మీద నమ్మకం పోతే ఈసీయూ ప్రమాదం కొనితెచ్చుకోదు. టైమింగ్‌ను బాగా వెనక్కి తీసిపెట్టుకుంటుంది. అందుకే ఈ కోడ్ ఉన్న బళ్లలో పికప్ తగ్గుతుంది, మైలేజ్ పడిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ లాగలేనట్టు ఉంటుంది. నాక్ చప్పుడు మాత్రం ఒక్కసారి కూడా వినిపించకపోవచ్చు.

ఏ కోడ్ ఏం చెబుతోంది

పీ0325 అంటే మొదటి సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. పీ0326 అంటే సిగ్నల్ వస్తోంది కానీ ఉండాల్సిన పరిధిలో లేదు. పీ0327 అంటే సిగ్నల్ మరీ తక్కువ, పీ0328 అంటే మరీ ఎక్కువ, పీ0329 అంటే వచ్చిపోతూ ఉంది. రెండో సెన్సార్ ఉన్న ఇంజన్లలో ఇదే వరుస పీ0330 నుంచి పీ0334 దాకా సాగుతుంది. పీ0324 మొత్తం నాక్ కంట్రోల్ వ్యవస్థకు సంబంధించినది. ఇది ఈసీయూ లోపలి సర్క్యూట్ వైపు కూడా చూపించవచ్చు.

వీటిలో జాగ్రత్తగా చూడాల్సింది పీ0326. మిగతావి ప్రధానంగా కరెంటు సంబంధమైనవి. మల్టీమీటర్‌తోనే చాలావరకు తేలిపోతాయి. పీ0326 మాత్రం సెన్సార్ వదులైనా వస్తుంది, ఇంజన్‌లో ఏదో నిజంగా కొట్టుకుంటున్నా వస్తుంది.

తయారీదారులు సొంతంగా పెట్టుకున్న కోడ్లూ ఉంటాయి. హ్యుందాయ్, కియా బళ్లలో వచ్చే పీ1326 దీనికి మంచి ఉదాహరణ. ఆ కంపెనీల థీటా 2 ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగితే వచ్చే కంపనాన్ని ముందుగా పట్టుకోవడానికి, ఉన్న నాక్ సెన్సార్‌నే వాడుకునేలా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. అలాంటి బండిలో ఈ కోడ్ వచ్చి ఇంజన్ స్పీడ్ పెరగకుండా ఆగిపోతే, అది బేరింగ్ గురించి హెచ్చరిక అనుకోండి. సెన్సార్ మార్చి కోడ్ చెరిపేసి నడపడం అక్కడ అసలు పనికిరాదు.

1. కోడ్ చెరపకముందు రాసుకోండి

స్కానర్ చేతికి రాగానే చాలామంది వేలు "క్లియర్" బటన్ మీదకే పోతుంది. ఆగండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ స్థితిని ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచిపెడుతుంది. చెరిపితే అదీ పోతుంది. ఆర్‌పీఎం, లోడ్, కూలెంట్ ఉష్ణోగ్రత, బండి వేగం, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచిందో, తగ్గించిందో చెప్పే శాతం) అన్నీ రాసుకోండి, లేదా స్క్రీన్ ఫోటో తీసుకోండి.

ఆ అంకెలే సగం కథ చెబుతాయి. ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే, ఐడిల్‌లోనే పీ0327 పడిందంటే అది దాదాపుగా వైరింగ్ లేదా సెన్సార్ సమస్య. వేడెక్కాక, ఎక్కువ లోడ్ మీద పీ0326 పడిందంటే నిజమైన నాక్ ఉండే అవకాశాన్ని పక్కన పెట్టొద్దు.

తోడుగా ఉన్న కోడ్లు ఇంకా ముఖ్యం. పీ0171 ఉంటే మిశ్రమం లీన్‌గా, అంటే ఇంధనం తక్కువగా ఉంది. లీన్ మిశ్రమం నాక్‌కు దారితీస్తుంది. పీ0401 ఉంటే ఈజీఆర్ (ఎగ్జాస్ట్ వాయువులో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వ్యవస్థ) ప్రవాహం సరిపోవడం లేదు. పీ0300 వరుస మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోవడం) కోడ్లు, కూలెంట్ వేడి ఎక్కువైందనే పీ0217 ఉంటే ముందు వాటి సంగతి చూడండి. అవి సరైతే నాక్ కోడ్ తనంతట తానే పోవచ్చు.

2. చెవితో వినండి, ఆయిల్ చూడండి

ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి బానెట్ తెరిచి వినండి.

నాక్, లేదా పింగింగ్, సన్నగా లోహం మోగినట్టు ఉంటుంది. లోడ్ మీదే వస్తుంది. టాప్ గేర్‌లో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించి, కాలు తీయగానే ఆగుతుంది. ఆగి ఉన్న బండిలో ఊరికే రేజ్ చేస్తే సాధారణంగా రాదు.

రాడ్ బేరింగ్ చప్పుడు బరువుగా, లోపలి నుంచి గుద్దినట్టు ఉంటుంది. ఆర్‌పీఎంతో పాటు పెరుగుతుంది. ఆయిల్ వేడెక్కాక ఎక్కువవుతుంది. ఇది వినిపించినా, ఆయిల్ లైట్ వెలిగినా ఇంజన్ వెంటనే ఆపేయండి. ఇక బండి నడపకుండా టోయింగ్ చేయించండి.

ఈ రెండూ కాని చప్పుళ్లు కూడా సెన్సార్‌ను మోసం చేస్తాయి. వదులైన ఆల్టర్నేటర్ బ్రాకెట్, బ్లాక్‌కు తగులుతున్న హీట్ షీల్డ్, అరిగిన టైమింగ్ చైన్ టెన్షనర్, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడు, అన్నీ బ్లాక్ గుండా సెన్సార్‌ను చేరతాయి. ఇంజన్ ఆపి, చల్లారాక బ్రాకెట్లు, షీల్డులు ఒక్కొక్కటే చేత్తో కదిపి చూడండి. ఐదు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా సెన్సార్ మీద అనుమానపడటం అన్యాయం.

3. సెన్సార్ ఎక్కడుందో కనుక్కుని కంటితో పరిశీలించండి

నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువగా బ్లాక్ పక్కన, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపు, మధ్య సిలిండర్లకు దగ్గరగా ఉంటుంది. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వీ8లలో మూడో తరం ఇంజన్లకు రెండు సెన్సార్లూ పైన, వీ ఆకారపు లోయలో, మానిఫోల్డ్ కింద ఉండేవి. ఇంజన్ కడిగినప్పుడు నీళ్లు అందులోకి దిగి సెన్సార్లు తుప్పుపట్టేవి. నాలుగో తరంలో వాటిని బ్లాక్ పక్కలకు మార్చారు.

కనెక్టర్ విప్పి లోపల చూడండి. పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, ఆయిల్ లేదా కూలెంట్ చేరిన తడి, వెనక్కి జరిగిన పిన్ను, విరిగిన లాక్ కనిపిస్తే కారణం దొరికినట్టే. వైరును చేతికందినంత మేర తడిమి చూడండి. ఎలుకలు కొరికిన చోట, వేడి ఎగ్జాస్ట్‌కు ఆనుకుని కరిగిన చోట వేలికే తెలుస్తుంది.

ఈ వైరుకు చుట్టూ లోహపు షీల్డింగ్ ఉంటుంది. సెన్సార్ పంపేది చాలా చిన్న సిగ్నల్ కాబట్టి, ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే అలజడి అందులో కలవకుండా అది కాపాడుతుంది. ఎవరైనా ఇంతకుముందు మామూలు వైరు ముక్క అతికించి టేప్ చుట్టి ఉంటే, దాన్ని చూసీచూడనట్టు వదలొద్దు. మీటర్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, రోడ్డు మీద కోడ్ మాత్రం వస్తూనే ఉంటుంది.

4. మల్టీమీటర్ పరీక్షలు

ఇగ్నిషన్ ఆపి, సెన్సార్ కనెక్టర్ విప్పండి. సెన్సార్ రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారుతుంది. టొయోటా ఫ్లాట్ రకం సెన్సార్లకు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 120 నుంచి 280 కిలో ఓమ్‌ల మధ్య ఉండాలి. కొన్ని రకాల్లో లోపల రెసిస్టర్ ఉండదు, వాటిలో మెగా ఓమ్‌లు దాటి కనిపిస్తే అదే సరైనది. కాబట్టి మీ బండి సర్వీస్ మాన్యువల్ అంకె లేకుండా "రీడింగ్ రావట్లేదు, సెన్సార్ పోయింది" అని తేల్చేయొద్దు. సున్నాకు దగ్గరగా చూపిస్తే మాత్రం ఏ రకమైనా పోయినట్టే.

కొలిచేటప్పుడు ప్రోబ్ కొనలను రెండు చేతుల వేళ్లతో పట్టుకోవద్దు. ఇంత పెద్ద రెసిస్టెన్స్ కొలుస్తున్నప్పుడు మన ఒంటి రెసిస్టెన్స్ కూడా అందులో కలిసిపోయి అంకె తగ్గిపోతుంది. బాగున్న సెన్సార్ చెడినట్టు కనిపిస్తుంది. క్లిప్పులు వాడండి.

ఇప్పుడు వైరింగ్ వైపు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఈసీయూ కనెక్టర్ విప్పి, సెన్సార్ కనెక్టర్ నుంచి ఈసీయూ పిన్ను దాకా ఒక్కో వైరుకు కంటిన్యుటీ చూడండి. 1 ఓమ్ కంటే తక్కువ రావాలి. అదే వైరుకూ బాడీ ఎర్త్‌కూ మధ్య, అలాగే వైర్ల మధ్య 10 కిలో ఓమ్‌ల కంటే ఎక్కువ ఉండాలి. కొలుస్తూనే వైరును అక్కడక్కడా వంచి, కదిపి చూడండి. పీ0329 లాంటి వచ్చిపోయే కోడ్లు దొరికేది ఇలా కదిపినప్పుడే.

కొన్ని బళ్లలో ఈసీయూ ఈ సర్క్యూట్‌కు తానే వోల్టేజ్ ఇస్తుంది. టొయోటాలో సెన్సార్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నుల మధ్య కొలిస్తే 4.5 నుంచి 5.5 వోల్టులు ఉండాలి. లేకపోతే వైరింగ్ తెగినట్టో, ఈసీయూ ఇవ్వనట్టో. ఇలాంటి సర్క్యూట్‌లో ఒక చక్కటి కిటుకు ఉంది. పీ0327, అంటే తక్కువ సిగ్నల్ కోడ్ ఉందనుకోండి. సెన్సార్ విప్పేసి, కోడ్ చెరిపి, ఇంజన్ నడపండి. ఇప్పుడు పీ0327 బదులు పీ0328 వస్తే, సర్క్యూట్ తెగిన సంగతి ఈసీయూ గమనించిందన్నమాట. వైర్లు, ఈసీయూ బాగున్నాయి, లోపల షార్ట్ అయింది సెన్సారే. కనెక్టర్ విప్పినా పీ0327 కదలకపోతే షార్ట్ హార్నెస్‌లో ఉంది.

5. తట్టి చూడటం

రెసిస్టెన్స్ సరిగా ఉన్నంత మాత్రాన సెన్సార్ వింటోందని కాదు. లోపలి పీజో పలక పగిలినా మీటర్‌లో అంకె బాగానే ఉండొచ్చు. అందుకని మీటర్‌ను ఏసీ మిల్లీవోల్టులకు మార్చి, సెన్సార్ పిన్నులకు క్లిప్ చేయండి. చిన్న స్పానర్‌తో సెన్సార్ పక్కన బ్లాక్ మీద సున్నితంగా తట్టండి. తట్టిన ప్రతిసారీ అంకె పైకి లేచి పడిపోవాలి. గట్టిగా తట్టితే ఎక్కువ, మెల్లగా తట్టితే తక్కువ. సెన్సార్ మీద నేరుగా మాత్రం కొట్టొద్దు, పగులుతుంది.

ఆసిలోస్కోప్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. తట్టగానే గీత ఒక్కసారి ఎగసి, ఊగుతూ ఊగుతూ సన్నబడి సద్దుమణుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ సంతకం అది. ఎన్నిసార్లు తట్టినా గీత చదునుగానే ఉంటే ఇక మార్చాల్సిందే.

6. నిజంగానే నాక్ అవుతుంటే

సెన్సార్, వైరింగ్ రెండూ పరీక్ష నెగ్గాయి, కోడ్ పీ0326 అనుకోండి. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి నాక్ రిటార్డ్ (నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి తీసింది), ఇగ్నిషన్ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందుగా వస్తోంది) విలువలు పెట్టుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని బండి నడపండి. స్క్రీన్ చూడటం వాళ్ల పని, రోడ్డు చూడటం మీ పని. లోడ్ పెరిగినప్పుడు మాత్రమే రిటార్డ్ పెరిగి, తగ్గితే తగ్గుతుంటే అది అసలైన నాక్. లోడ్ లేకపోయినా ఫలానా ఆర్‌పీఎం దగ్గర ప్రతిసారీ రిటార్డ్ వస్తుంటే అది ఏదో భాగం కొట్టుకుంటున్న చప్పుడు. మళ్లీ రెండో మెట్టుకు వెళ్లండి.

అసలైన నాక్‌కు మొదట ఇంధనాన్ని చూడండి. మీ ఇంజన్‌కు ఎంత ఆక్టేన్ (పెట్రోల్ నాక్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కావాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆక్టేన్‌ను ఆర్‌ఓఎన్, ఏకేఐ అని రెండు పద్ధతుల్లో లెక్కిస్తారు. అక్కడ రాసింది ఏ లెక్కో గమనించండి. ఒకే పెట్రోల్‌కు ఏకేఐ అంకె సాధారణంగా నాలుగైదు తక్కువగా ఉంటుంది. ట్యాంక్ దాదాపు ఖాళీ చేసి సరైన ఆక్టేన్ నింపి, రెండు ట్యాంకులు నడిపి చూడటం అన్నిటికంటే తేలిక పరీక్ష.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్. లాంగ్ టర్మ్ ట్రిమ్ 10 శాతం దాటి ప్లస్‌లో ఉంటే వాక్యూమ్ లీక్, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్, బలహీనపడ్డ ఫ్యూయల్ పంప్, మూసుకుపోయిన ఇంజెక్టర్లు వెతకాలి. కూలెంట్ ఉష్ణోగ్రత కూడా చూడండి. థర్మోస్టాట్ సగం తెరుచుకుని ఆగిపోయినా, రేడియేటర్ మూసుకుపోయినా ఇంజన్ వేడెక్కి నాక్ మొదలవుతుంది. ఈజీఆర్ ఉన్న ఇంజన్లలో అది పనిచేయకపోతే సిలిండర్ లోపలి వేడి తగ్గే దారి ఒకటి మూసుకుపోతుంది.

స్పార్క్ ప్లగ్గులు విప్పి ఎండలో పట్టుకుని భూతద్దంతో చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే చిన్న అల్యూమినియం రేణువులో కనిపిస్తే నాక్ బలంగా ఉన్నట్టు. మెరిసేది పిస్టన్ నుంచి ఊడిన లోహం. అలాంటప్పుడు బోరోస్కోప్‌తో (లోపలికి దూర్చే సన్నని కెమెరాతో) పిస్టన్ పైభాగం చూడకుండా బండి ముందుకు తీయొద్దు. ప్లగ్ నంబర్ తయారీదారు చెప్పినదేనా అన్నదీ సరిచూడండి. ఎక్కువ వేడి పట్టుకునే ప్లగ్ వేస్తే దాని కొనే నిప్పులా మారి మిశ్రమాన్ని ముందే అంటించేస్తుంది.

బోరోస్కోప్‌లో పిస్టన్ మీద కార్బన్ మందంగా కనిపిస్తే శుభ్రం చేయించండి. ఆ పేరుకున్న పొర కంప్రెషన్ పెంచుతుంది, వేడినీ పట్టి ఉంచుతుంది. పీసీవీ (ఇంజన్ అడుగున చేరే ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే) వ్యవస్థ చెడి ఆయిల్ ఆవిరి ఎక్కువగా ఇన్‌టేక్‌లోకి వస్తున్నా అదే కార్బన్ మళ్లీ పేరుకుంటుంది. ఆయిల్ కలిసిన మిశ్రమానికి నాక్‌ను తట్టుకునే శక్తి కూడా తక్కువ.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు ఇంకో ముప్పు ఉంది. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్ ఉన్నప్పుడు స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకోవడం. ఈసీయూ టైమింగ్ వెనక్కి తీసినా ఇది ఆగదు, ఎందుకంటే అక్కడ స్పార్క్ ప్రమేయమే లేదు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణంలో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది. మాన్యువల్ అనుమతిస్తే ఆ గుర్తు ఉన్న ఆయిల్ వాడండి, టాప్ గేర్‌లో ఇంజన్‌ను ఈడ్చకండి.

7. సెన్సార్ మార్చాల్సి వస్తే

ఇక్కడ ఎంతమంది తొందరపడతారో చెప్పలేను. మధ్యలో బోల్ట్ ఉన్న ఫ్లాట్ రకం సెన్సార్‌కు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. టార్క్ రెంచ్ లేకుండా ఈ పని చేయొద్దు. తక్కువ బిగిస్తే కంపనం సరిగా చేరదు. ఎక్కువ బిగిస్తే సెన్సార్ స్పందన మారిపోతుంది, లోపలి పలక పగలొచ్చు కూడా.

బ్లాక్ మీద అది కూర్చునే చోట తుప్పు, పెయింట్, ఆయిల్ లేకుండా లోహం కనిపించేదాకా తుడవండి. మధ్యలో వాషర్ వేయొద్దు, సీలెంట్, థ్రెడ్ లాక్ రాయొద్దు. ఒకే వైరు ఉండే పాత మరల రకంలో ఎర్త్ బ్లాక్ ద్వారానే అందుతుంది కాబట్టి సీలెంట్ రాస్తే సర్క్యూటే తెగిపోవచ్చు. కొన్ని ఇంజన్లలో ఈ రకం సెన్సార్ నేరుగా కూలెంట్ ఉండే గదిలోకి దిగుతుంది. విప్పగానే కూలెంట్ కారుతుంది, కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారాకే, కింద పళ్లెం పెట్టుకుని విప్పండి. కనెక్టర్ ఏ కోణంలో ఉందో విప్పకముందే గుర్తు పెట్టుకుని అలాగే బిగించండి. కొత్త సెన్సార్ చేతిలోంచి నేల మీద పడితే దాన్ని పక్కన పెట్టేయండి.

మార్కెట్‌లో ఆకారం ఒకేలా ఉన్నా రెసిస్టెన్స్, స్పందన వేరుగా ఉండే సెన్సార్లు దొరుకుతాయి. పార్ట్ నంబర్ సరిపోయినదే తీసుకోండి. మానిఫోల్డ్ కింద ఉండే బళ్లలో అయితే ఆ లోపలి చిన్న హార్నెస్‌ను, మానిఫోల్డ్ గ్యాస్కెట్లను కూడా ఆ చేత్తోనే మార్చేయడం మంచిది.

8. సరైందని ఎలా తెలుస్తుంది

కోడ్లు చెరపగానే లైట్ ఆరిపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఈసీయూ సెన్సార్‌ను చాలా బళ్లలో ఇంజన్ వేడెక్కాక, కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో, లోడ్ ఉన్నప్పుడే పరీక్షిస్తుంది. అంత చప్పుడులో కూడా సెన్సార్ ఏమీ వినకపోతే కోడ్ పెడుతుంది. కాబట్టి కూలెంట్ 80 డిగ్రీలు దాటాక, 2000 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్య నిలకడగా కొంతసేపు నడిపి, సురక్షితమైన చోట రెండు మూడుసార్లు గట్టిగా వేగం పెంచండి. మొదట రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని ఆర్‌పీఎం, లోడ్, ఉష్ణోగ్రత మళ్లీ వచ్చేలా నడపగలిగితే ఇంకా మంచిది. తిరిగొచ్చాక స్కానర్‌లో పెండింగ్ కోడ్లు చూడండి. లైట్ వెలగకముందే లోపం ముందుగా కనిపించేది అక్కడే. ఇగ్నిషన్ అడ్వాన్స్ మునుపటి కంటే పెరిగి, లోడ్ మీద నాక్ రిటార్డ్ సున్నా దగ్గరో, అప్పుడప్పుడు ఒకటి రెండు డిగ్రీలో ఉంటే పని అయినట్టే. కొద్దిపాటి రిటార్డ్ కనిపించడం లోపం కాదు, ఈసీయూ హద్దు దాకా వెళ్లి సర్దుకుంటోందని అర్థం.